మూడో పిల్లరు, అంతా సవ్యం

వంతెన మరమ్మతుల ఆఫీసు, మొదటి అంతస్తు
మార్చి 2, సోమవారం

అక్కా,

ఫోనులో నాలుగు ముక్కలు టైపు చేసి పంపితే జవాబివ్వనని ఒట్టు పెట్టుకున్నావు కాబట్టి, ఇదిగో, కాగితమూ పెన్నూ. టైపు చేసిన మాటకి గొంతుండదు, చేతిరాతకుంటుంది అన్నావు. చెవులు పోయాక నీకు గొంతుల పట్టింపు మరీ ఎక్కువైంది. సరే, విను మరి.

కొత్త సంవత్సరం నుంచి మా ఆరుగుర్నీ ఒకే గదిలోకి మార్చారు. బల్లకీ బల్లకీ మధ్య రెండడుగులు. నేను తుమ్మితే మఫ్లర్ మామయ్య కాగితాలు ఎగిరిపోతాయి. మఫ్లర్ మామయ్యంటే రెండో పిల్లరు చూసే పెద్దాయన. ఏసీ పడదని మెడకి ఎప్పుడూ మఫ్లరు చుట్టుకుని ఉంటాడు. నాది మూడో పిల్లరు, నీకు తెలిసిందే. ప్రతి గురువారం పది గంటలకి వీడియో మీటింగు. మా పై ఆఫీసరు వేరే ఊళ్ళో ఉంటాడు, ఆయన్ని మేమెప్పుడూ తెర మీద తప్ప చూడలేదు. పైగొంతు అని పేరు పెట్టుకున్నాం. ప్రతి మనిషి మొహమూ ఆయనకి విడిగా కనపడాలట. అంటే ఒకే గదిలో కూర్చున్న ఆరుగురం, ఆరు ల్యాప్‌టాపుల్లోంచి అదే మీటింగులో చేరాలి.

ఇక చూడు మా అవస్థ. ఒకళ్ళు "గుడ్ మార్నింగ్ సార్" అంటే ఆ మాట నోట్లోంచి ఒకసారి, మిగతా ఐదు ల్యాప్‌టాపుల్లోంచి ఐదుసార్లు వచ్చేది. ఆ ఐదూ మళ్ళీ ఆరు మైకుల్లోకి దూరేవి. చివరికి కుయ్యిమని ఒక కూత. తుప్పూ రంగూ చూసే ఆవిడ, మేం రంగులావిడ అంటాం, ఒకరోజు చెవులు మూసుకుని బల్ల కింద దూరింది.

దాంతో అందరికీ హెడ్‌సెట్లు కొన్నారు. పోయిన నెల ఒక ప్రోగ్రాము కూడా పెట్టారు. గదిలో ప్రతిధ్వని తుడిచేసి, మధ్యలో తెగిపోయిన మాటని అతికించి పంపుతుందట. మా గొంతులు దానికి అలవాటు కావడానికి ఏడాది పాత మీటింగులన్నీ వినిపించారు. మేం దాన్ని క్లీనరంటాం. మీటింగులో ఎవరేమన్నారో, ఆ మినిట్స్ కూడా అదే రాస్తుంది. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా పనిచేస్తోంది. ఒక్కటే చిత్రం. రెండడుగుల దూరంలో ఉన్న మామయ్య మాట నాకు ఆయన నోట్లోంచి వినపడదు. అర సెకను తర్వాత నా చెవిలో పలుకుతుంది. ఆయన నోరు మూసేశాక కూడా మాట ఇంకా వస్తూ ఉంటుంది.

బావ ఇంకా చుట్టుదారినే బస్సు తిప్పుతున్నాడా? ఏప్రిల్లో వంతెన తెరుస్తాం, ఇంకాస్త ఓపిక పట్టమను.

నీ వసపిట్ట

*

ఇల్లు, వంటగది బల్ల
మార్చి 8, ఆదివారం

వసపిట్టా,

ఇరవై ఆరేళ్ళు రికార్డింగు స్టూడియోలో పనిచేసినదాని చెల్లెలివి. ఒక గదికి ఒకే మైకు, ఒకే స్పీకరు, మిగతావన్నీ నోరు మూసుకోవాలి అన్న పాటి ఇంగితం నీకు లేకపోయిందా? ఆరు మొహాలు కావాలంటే ఆరు కెమెరాలు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? మైకులు ఐదు ఆపెయ్యండి, స్పీకర్లు ఐదు ఆపెయ్యండి. ఐదు నిమిషాల పని. దానికి ఒక ప్రోగ్రాము, దానికి పాత మీటింగులు మేపడం. పక్క కుర్చీలో మనిషితో మాట్లాడటానికి మధ్యలో దుబాసీ.

ప్రతిధ్వనిని తుడవడం వరకూ నాకు అర్థమవుతుంది, మేమూ చేసేవాళ్ళం. మొదట వచ్చిన మాటని ఉంచి, వెనక వచ్చినదాన్ని కొట్టేస్తుంది. తెగిన మాటని అతికించడం అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. తెగిన చోట ఏం పెడుతుంది? మా దగ్గర పాటలో ఒక ముక్క పాడైతే అదే మనిషి ఇంకోచోట పాడిన ముక్క తెచ్చి అతికించేవాళ్ళం. ఎంత బాగా అతికినా అది ఆ క్షణంలో పాడింది కాదు.

నా సంగతి బాగానే ఉంది. పోయినేడు ఆ జ్వరం నన్ను చంపలేదు, చెవులు తీసుకుని వదిలేసింది. పెదాలు చదవడం బాగా వచ్చేసింది. ఎదురింటి వాళ్ళు కిటికీలో కొట్లాడుకుంటుంటే ఇక్కణ్ణుంచే మొత్తం తెలిసిపోతోంది. బావ కాఫీ తాగుతూ మాట్లాడితే మాత్రం తిడతాను, కప్పు అడ్డమొస్తుంది.

వంతెన తెరిచిన రోజు మొదటి బస్సు బావదేనట. డిపోలో చెప్పారు. చిన్నపిల్లాడిలా యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని ఇప్పట్నుంచే తగిలించుకున్నాడు. మీ మరదలు పుణ్యమా అని రోజుకి రెండు గంటలు మిగులుతాయన్నాను. నవ్వాడు.

అక్క

*

వంతెన మరమ్మతుల ఆఫీసు
మార్చి 24, మంగళవారం

అక్కా,

ఇది బావ లేనప్పుడు చదువు.

పదో తారీఖున మూడో పిల్లరు నిచ్చెన దిగాను. నీటిమట్టానికి రెండడుగుల పైన, కొత్త కాంక్రీటు మీద పగులు. నా బొటనవేలు దూరింది. చుట్టూ తట్టి చూశాను, డొల్లగా ఉంది. లోపల ఇనుము తడిసిపోయినట్టుంది. ఈ పిల్లరు మీద బస్సు వెళ్ళకూడదు. ఇది నాకు అనుమానం కాదు.

పన్నెండో తారీఖు మీటింగులో నా వంతు వచ్చింది. అంతా చెప్పాను, ఎక్కడ, ఎంత, ఎందుకు తెరవకూడదు. పైగొంతు "మంచిది, ముందుకెళ్దాం" అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. షాకులో ఉన్నారేమో అనుకున్నాను. సాయంత్రం మినిట్స్ వచ్చాయి. "మూడో పిల్లరు: అంతా సవ్యం."

రాతలో తప్పు దొర్లిందనుకున్నాను. మామయ్య హెడ్‌సెట్ లాగి, మొహం మీద చెప్పాను. ఆయన బిత్తరపోయాడు. "పొద్దున బాగుందన్నావు కదమ్మా? నా చెవులతో విన్నాను" అన్నాడు. లేదు మామయ్యా, పగులుందన్నాను. "సరే, వచ్చే మీటింగులో నేనే ఎత్తుతాను" అన్నాడు. మంచి మనిషి.

పంతొమ్మిదిన ఎత్తాడు. "సార్, మూడో పిల్లరుకి పగులుందని మా అమ్మాయి అంటోంది." పైగొంతు నన్నడిగాడు, నిజమేనా అని. నేను నిజమే సార్, బొటనవేలు దూరుతోంది, బస్సులు వదలొద్దు అన్నాను. ఒక్కో అక్షరం ఒత్తి పలికాను. అప్పుడు మామయ్య నా వైపు చూశాడు. నేను ఆయన్ని నడివీధిలో నిలబెట్టి నవ్వినట్టు చూశాడు. మీటింగయ్యాక హెడ్‌సెట్ తీసి అన్నాడు, "రిటైరయ్యే ముందు నాతో ఈ ఆటలేంటమ్మా? 'లేదు సార్, అంతా సవ్యంగానే ఉంది, మామయ్యకి వయసైపోతోంది' అని నవ్వావు. గదిలో అందరూ విన్నారు."

అక్కా, నేను నవ్వలేదు. ఆ మాట అనలేదు. మా హెడ్‌సెట్లో ఎవరి గొంతు వాళ్ళకి వినపడదు, అందుకని నేను పలికినదానికి బదులు బయటికి ఏం వెళ్ళిందో నాకు తెలియలేదు. రికార్డింగు పెట్టుకుని విన్నాను. నా గొంతే. నా నవ్వే.

కాగితం మీద రాసిస్తానంటే కుదరదు. రెండేళ్ళ కిందట ఎవరో పంపిన రిపోర్టు ఎవరూ చదవక గొడవైంది కాబట్టి, మీటింగులో నోటితో చెప్పిందే లెక్క అని రూలు. పగులుందని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కెమెరాకి చూపించాను. వెనకున్న గోడతో పాటు కాగితాన్నీ మసకచేసి పారేసింది.

పంతొమ్మిదో తారీఖు రికార్డింగు పెన్‌డ్రైవులో పెట్టి పంపుతున్నాను. నువ్వు వినలేవు. అందుకే నీకు పంపుతున్నాను. వంతెన ఏప్రిల్ పద్దెనిమిది, శనివారం తెరుస్తారు. బావని ఆ రోజుకి సెలవు పెట్టించు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ చెల్లి

*

ఇల్లు
మార్చి 30, సోమవారం

చెల్లీ,

బావ లేనప్పుడు చదవమన్నావు. చదివాను. కానీ రికార్డింగు ఆయన్ని పక్కన పెట్టుకునే చూశాను, ఎందుకంటే నాకు రెండు చెవులు కావాలి.

ఆయన విన్నది ఒక కాగితం మీద రాయమన్నాను. నేను చూసింది ఇంకో కాగితం మీద రాశాను. ఒకరిది ఒకరం చూసుకోలేదు. నీ వంతు అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టాం. ఆయన కాగితం మీద, "లేదు సార్, అంతా సవ్యంగానే ఉంది." నా కాగితం మీద, "నిజమే సార్, బొటనవేలు దూరుతోంది. బస్సులు వదలొద్దు." ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు. నాకు మతి పోయిందేమో అన్నట్టు. నీకు పెదాలు చదవడం ఇంకా పూర్తిగా రాలేదులే అని బుజ్జగించాడు. చెవులున్న మనిషి, ఏం చెప్తాం? ఇంజను శబ్దం విని రోగం చెప్పగలడు, చెవుల్ని కాదని ఇంకేదీ నమ్మడు.

క్లీనరు నీ మాట వినగానే తెగింది అనుకుంటోంది. అక్కడ నువ్వు మామూలుగా అనే మాట తెచ్చి అతికిస్తోంది. పగులు అన్న మాట నీ గొంతులో అది ఎప్పుడూ వినలేదు. సవ్యం అన్నది బోలెడన్ని సార్లు విన్నట్టుంది.

ఇప్పుడొకటి అడుగుతాను, దాటెయ్యకు. బావ ఒక విషయం అన్నాడు. నువ్వు సవ్యం అనే ముందు చిన్నగా దగ్గావట. గొంతు సవరించుకున్నట్టు, ఒక్కసారి. మూడుసార్లు పెట్టించి అడిగాను. మూడుసార్లూ ఉందన్నాడు. నీ పెదాల మీద దగ్గు లేదు. అంటే అది పాత మీటింగుల్లోంచి వచ్చిన దగ్గు.

చిన్నప్పుడు అమ్మ పూలకుండీ పగలగొట్టి పిల్లి మీద చెప్పినప్పుడు దగ్గావు. పరీక్ష తప్పి పాసయ్యానన్నప్పుడు దగ్గావు. ఆ దగ్గు నాకు తెలుసు. ఎన్ని గురువారాలు చూడకుండా సవ్యమన్నావు?

సెలవు సంగతి. బావ దిగితే ఆ బస్సు ఇంకో డ్రైవరు ఎక్కుతాడు. లోపల నలభై మంది ఉంటారు. మా ఆయన్ని దించుకుని ఇంకొకరి మొగుణ్ణి ఎక్కించమని నేను అడగలేను.

తెర మీద ఇంకొకటి చూశాను, మీ పైగొంతు గురించి. నాకే నమ్మకం కుదరట్లేదు. మళ్ళీ చూసి రాస్తాను.

అక్క

*

నా గది, కిటికీ పక్కన
ఏప్రిల్ 4, శనివారం

అక్కా,

ఇరవై ఒకటి.

నువ్వు ఆస్పత్రిలో ఉన్న ఐదు నెలలు. పిల్లరుకి కొత్త కాంక్రీటు పోస్తున్నది సరిగ్గా అప్పుడే. ప్రతి బుధవారం నేను నిచ్చెన దిగి, తట్టి, కొలిచి, గురువారం చెప్పాలి. బుధవారాలు నీ మంచం పక్కన ఉన్నాను. ఊరు దాటి రావాలి, ఒక రోజులో రెండూ కుదరవు. గురువారం పొద్దున నీ వార్డు బయట, ఆ పొడుగాటి వసారాలో, గోడకి ఆనుకుని ఫోనులో మీటింగులో చేరేదాన్ని. నా వంతు రాగానే, మూడో పిల్లరు, అంతా సవ్యం సార్ అనేదాన్ని. మొదటిసారి చెమటలు పట్టాయి. పదోసారికి అలవాటైపోయింది. దగ్గిన సంగతి నాకే తెలియదు.

నిన్ను అడ్డం పెట్టుకోవడం కాదిది. సెలవు అడగొచ్చు. అడిగితే పిల్లరు ఇంకొకరికి ఇస్తారని అడగలేదు. కష్టపడి తెచ్చుకున్న పిల్లరు అది. నీకు చెప్తే నువ్వు మంచం మీంచి లేచి తిడతావని చెప్పలేదు. తర్వాత పైపైన బాగానే కనపడింది, ఇక తవ్వుకోవడమెందుకు అనుకున్నాను. ఆ పగులు ఆ రోజుల్లో మొదలైంది. అప్పుడే దిగి చూసి ఉంటే ఒక పూట పని.

ఇప్పుడు నా గొంతే నన్ను మాట్లాడనివ్వట్లేదు. మొన్న గురువారం ఇంకోలా ప్రయత్నించాను. పిల్లరు పేరే ఎత్తకుండా, ప్రమాదం, వంతెన ఆపండి అని మాత్రం అన్నాను. రంగులావిడ తర్వాత నవ్వుతూ అంది, ప్రమాదమేమీ లేదని అంత ధైర్యంగా చెప్పావు, విని నిశ్చింతగా అనిపించిందని. హెడ్‌సెట్ తీసి నేను చెప్పేది వినండి అంటే ఎవరూ తియ్యట్లేదు. మామయ్య నాతో మాట్లాడటం మానేశాడు. రెండు నాలుకల మనిషినట నేను.

గదిలో ఎవరూ ఎవర్నీ చూడరక్కా. భోజనం డబ్బా తెరిచేటప్పుడు కూడా హెడ్‌సెట్లు ఉంటాయి. ఉప్పు అందుకోమని అడిగినా దాన్లోనే అడుగుతారు. నిన్న నేను మామూలుగా మాట్లాడి చూశాను, నా గొంతు గదిలో నాకే కొత్తగా వినిపించింది. ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు.

నాకు భయంగా ఉంది. చెప్పి బాధపెట్టానేమో, క్షమించు.

చెల్లి

*

ఇల్లు
ఏప్రిల్ 9, గురువారం

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. నా వల్ల కదా అని ఒక పూట ఏడ్చాను. నన్నడిగి చేశావా అని ఒక పూట తిట్టాను. రెండూ అయిపోయాయి, ఇప్పుడు పని సంగతి.

మీ పైగొంతుని ఏడుసార్లు చూశాను. రికార్డింగులో ఆయన మూల ఒక చిన్న గడిలో ఉన్నాడు, మొహం తెరకి బాగా దగ్గరగా. బావకి వినపడేది, "మంచిది, ముందుకెళ్దాం." "నిజమేనా?" "మంచిది." ఆయన పెదాలు ఆ మాటలు అనట్లేదు. మొదట్నుంచీ చివరిదాకా, నలభై నిమిషాలు, ఆ మనిషి అంటున్నది ఒకటే. "నాకు ఎవరూ వినపడట్లేదు. అక్కడ ఎవరైనా ఉన్నారా?" మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళుగా అడుగుతున్నాడో.

కాబట్టి ఆయనకి చెప్పి లాభం లేదు. గదిలో ఉన్న ఐదుగురికీ చెప్పాలి. నువ్వు పగులు అంటే వాళ్ళ చెవిలో సవ్యమవుతుంది. ప్రమాదం అంటే ప్రమాదం లేదు అవుతుంది. వాటికి బదులు పెట్టుకునే ముక్కలు దాని దగ్గరున్నాయి. నువ్వు ఆ మీటింగుల్లో ఏడాదిగా ఒక్కసారి కూడా అనని, దానికి పోలిక దొరకని మాటలు కావాలి. అవేంటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లరుతో మొదలుపెట్టకు. నా మంచంతో మొదలుపెట్టు. ఆ వసారా, ఆ గోడ, ఇరవై ఒక్క గురువారాలు. నేను చూడలేదు, అబద్ధం చెప్పాను అను. దాన్ని ఎలా అతికించాలో అది వెతుక్కునేలోపు మాట వెళ్ళిపోతుంది.

ఉద్యోగం పోతుంది. ఇంకా ఏమైనా కావచ్చు. నేను తేలిగ్గా రాస్తున్నానని అనుకోకు, ఈ పేజీ మూడుసార్లు చింపి రాశాను.

నీ ఉత్తరం బావకి చూపించలేదు. ఆయన కడుపులో మాట దాగదు, డిపోలో అందరికీ చెప్పేస్తాడు. ముందు నువ్వు చెప్పుకుంటే అది నీ మాట అవుతుంది. అందుకని ఆగాను.

అక్క

*

వంతెన మరమ్మతుల ఆఫీసు
ఏప్రిల్ 17, శుక్రవారం సాయంత్రం

అక్కా,

చెప్పేశాను.

నిన్న నా వంతు రాగానే, పోయినేడు మా అక్క ఆస్పత్రిలో ఉంది అన్నాను. వెంటనే రంగులావిడ తల ఎత్తింది. ఆ ఒక్క కదలికతో నా మాట వెళ్తోందని తెలిసింది. వసారా గురించి చెప్పాను, గోడ పెచ్చులు గోళ్ళతో గీకుతూ సవ్యం సార్ అన్నది చెప్పాను. ఇరవై ఒక్క సార్లు నేను చూడలేదు, అబద్ధం చెప్పాను అన్నాను. ఐదుగురూ కుర్చీలు తిప్పి నా వైపు చూశారు. జనవరి నుంచి ఆ గదిలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు అలా చూసుకోవడం అదే మొదలు.

నేను ఆపాక, అందరి చెవుల్లోనూ పైగొంతు పలికింది. "మంచిది, ముందుకెళ్దాం."

అదే వాళ్ళకి అర్థమయ్యేలా చేసింది. ఒక మనిషి ఇంత ఘోరం ఒప్పుకుంటే మంచిది అనే ఆఫీసరు ఉండడు కదా. మామయ్య హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. నా దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత "రెండో పిల్లరు ఆర్నెల్లుగా నేనూ దిగలేదమ్మా, మోకాళ్ళు సహకరించట్లేదు" అన్నాడు. రంగులావిడ ఏడ్చేసింది. ఇక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. ఆరుగురమక్కా, ఆరుగురికీ ఆరు దగ్గులున్నాయి.

అందరం కలిసి నదిలోకి దిగాం. మామయ్య మోకాళ్ళ మీద ఒంగి పగుల్లో చెయ్యి పెట్టాడు. ఇప్పుడు నాలుగు వేళ్ళు దూరుతున్నాయి.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. గది ఖాళీగా ఉంది, ల్యాప్‌టాపులు మేం వదిలి వెళ్ళినట్టే తెరిచి ఉన్నాయి. తలుపు తీస్తుంటే బల్లల మీద పడున్న హెడ్‌సెట్లలోంచి సన్నగా మాటలు. మా ఆరుగురి గొంతులు. మీటింగు నడుస్తోంది. రంగులావిడ ఏదో అంటే మామయ్య నవ్వుతున్నాడు. మామయ్య నా పక్కనే నిలబడి, మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్నాడు. మూడో పిల్లరు వంతు వచ్చింది. నేను దగ్గాను. అంతా సవ్యం సార్ అన్నాను. ల్యాప్‌టాపులన్నీ ఆపేసి, ప్లగ్గులు కూడా పీకేశాం. అప్పటికే మినిట్స్ వెళ్ళిపోయాయి. హాజరు ఆరుగురు, శనివారం వంతెన తెరవడానికి అందరూ సమ్మతి.

ఈ రోజంతా తిరిగాం. పెద్ద ఆఫీసులో గుమాస్తా రికార్డింగు పెట్టి వినిపించి, ఇది మీ గొంతులేగా, సోమవారం రండి అన్నాడు. డిపో వాళ్ళు ఆర్డరు మీటింగులోంచి వచ్చింది, రద్దు కూడా అక్కణ్ణుంచే రావాలన్నారు. మేం అడ్డం కట్టిన తాడు కాంట్రాక్టరు మనుషులు ఆర్డరు చూపించి విప్పేశారు. పైగొంతు ఊరికి మామయ్య మధ్యాహ్నం బండెక్కాడు, రేపటికి గాని చేరడు.

రేపు పొద్దున మిగతా ఐదుగురం వంతెన మొదట్లో నిలబడతాం. ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో. చేరేలోపే బావ అక్కడికి వచ్చేస్తాడు. ఆపగలనో లేదో తెలియదు.

చెల్లి

*

ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 20, సోమవారం

చెల్లీ,

నీ శుక్రవారం ఉత్తరం ఈ పొద్దున చేరింది. అప్పటికి అంతా అయిపోయింది. బావని ఎలా ఆపావో నీకు తెలుసనుకుంటున్నావు. నీకు సగమే తెలుసు. మిగతా సగం ఆయన నిన్న అన్నం ముందు కూర్చుని చెప్పాడు. రాస్తున్నాను.

శనివారం పొద్దున ఆయన యూనిఫారం తొడుక్కుంటుంటే నేను పక్కనే ఉన్నాను. నువ్వు నాలుగో తారీఖున రాసిన ఉత్తరం నా చేతిలోనే ఉంది, మడిచి. ఇప్పుడైనా చెప్పు అని మనసు కొట్టుకుంది. నా గొంతు నాకు వినపడదు కదా, ఏదో ఒకలా వచ్చి ఆయన్ని బెదరగొడతానేమో అని సాకు చెప్పుకున్నాను. నువ్వు గురువారమే అంతా చక్కబెట్టి ఉంటావని ఇంకో సాకు. చొక్కా కాలరు సరిచేసి పంపించాను. చూడకుండా సవ్యమనడం నీ ఒక్కదానికే వచ్చనుకోకు.

మీరు ప్లగ్గులు పీకేసినా అది నడుస్తూనే ఉందన్నమాట, ఆ రోజు మీ మీటింగుని డిపో వాళ్ళు డ్రైవరు రేడియోకి కలిపారట, మొదటి బస్సుకి దారి చెప్పడానికి. వంతెన మలుపు తిరిగేసరికి మీరు ఐదుగురు కనపడ్డారు. నిన్ను గుర్తుపట్టాడు. అదే సమయానికి రేడియోలో నువ్వు పలికావట. "రండి బావా, అంతా సవ్యంగానే ఉంది." పేరు పెట్టి కాదు, బావా అని. ఆయన సంతోషించాడట ముందు. ఎదురొచ్చి స్వాగతం చెప్తున్నావనుకున్నాడు.

దగ్గరికి వచ్చేసరికి నువ్వు చేతులు చాచి ఏదో అరుస్తున్నావు. అద్దాలు మూసున్నాయి, ఇంజను మోత, లోపల జనం కేకలు. నీ మాట ఒక్కటి కూడా వినపడలేదు. వినపడుతున్నదల్లా రేడియో. "ఆగకండి బావా, టైమైపోతోంది, రండి." నీ గొంతే, నీ ముద్దు మాటే. మనిషి ఎదురుగా ఒకటి, చెవిలో ఒకటి. నేనెవర్ని తొక్కుతున్నాను, ఎవరి మాట వింటున్నాను అనిపించిందట ఆయనకి.

ఏడాదిగా నాతో కాపురం చేస్తున్నాడు కదా, చెవులు లేనిదానితో. నాకు అర్థమవ్వాలని మొహం ఎత్తి, నోరు తెరిచి, మెల్లగా మాట్లాడి మాట్లాడి ఆయనకీ కాస్త పట్టుబడింది. నీ నోరు చూశాడు. "చూడలేదు" అన్న మాట పోల్చుకున్నాడట. "చూడలేదు బావా, నేను చూడలేదు." రెండుసార్లు. ఎందుకంటున్నావో తెలియదు. కానీ సవ్యం అన్న నోరు అది కాదని మాత్రం తెలిసిందట. చెవుల్ని కాదని బ్రేకు వేశాడు. ముందు చక్రం నీకు మూరెడు దూరంలో ఆగింది. లోపల నలభై ముగ్గురు.

అప్పుడు నువ్వు నోరు మూసుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని రోడ్డు మీద కూర్చుండిపోయావట. ఆయన నిన్ను అలా చూస్తూనే ఉన్నాడు. రేడియోలో మాత్రం నువ్వు ఆగలేదట. పిలుస్తూనే ఉన్నావు. "రండి బావా, ఏం పర్లేదు, రండి," దగ్గు, "అంతా సవ్యం, రండి."

ఆయన రేడియో తీగ పీకేసి, కిందకి దిగి, వచ్చి నీ పక్కన కూర్చున్నాడు.

అక్క